టికెట్ కొన్నాక కుర్చీకి వేరే డబ్బులా? (విమానం సీట్లు, మెరిసే కార్డులు, మన గోడు)

శంషాబాద్ షటిల్ · 22 ఆగస్టు 2025, రాత్రి 11:48

ఇప్పుడే ఇంటికొచ్చి పడ్డాను. కాళ్ళు కూడా కడుక్కోకుండా ఇది రాస్తున్నానంటే ఎంత మండిందో మీరే ఊహించుకోండి.

సోమవారం తెల్లారుజామున హైదరాబాద్ నుంచి ఢిల్లీ, శుక్రవారం రాత్రికి వెనక్కి. మూడేళ్ళుగా ఇదే బతుకు. సంస్థ పేరు రాయను, ఇక్కడ రూల్ ఉంది కదా. తరచూ ఎక్కేవాళ్ళకి వాళ్ళిచ్చే మెరిసే కార్డు నా దగ్గర ఉంది, పై నుంచి రెండో మెట్టు. రెండేళ్ళ కిందట ఆ కార్డుకి కాస్త విలువుండేది. ముందు వరుసల్లో నడవ పక్క సీటు ఏదైనా సరే, నొక్కితే సున్నా రూపాయలు చూపించేది. తర్వాత ఏం చేశారంటే, "ఉచిత సీటు" అన్న మాట మాత్రం అలాగే ఉంచి, దాని కింద నుంచి వరుసలు ఒక్కొక్కటే లాగేశారు. మొదట 4 నుంచి 10 దాకా పోయాయి. ఆ తర్వాత ఎమర్జెన్సీ డోర్ల దగ్గరవి పోయాయి. ఇప్పుడు నా కార్డుకి ఉచితంగా దక్కేది 20 తర్వాతి వరుసలే. అవి కార్డు లేనివాడికి కూడా రెండు మూడొందలకి వచ్చేస్తాయి.

ఇక ఇవాళ్టి సంగతి. నడుం నొప్పి ఉంది కాబట్టి 900 రూపాయలు నా జేబులోంచి కట్టి 5సి తీసుకున్నాను. కంపెనీ టికెట్ కొంటుంది గానీ సీటు డబ్బులివ్వదు, అది "మీ సొంత ఇష్టం" కిందికి వస్తుందట. గేటు దగ్గర బోర్డింగ్ పాస్ స్కాన్ చేయగానే మెషీన్ కుయ్యిమంది. పక్కన చిన్న ప్రింటర్‌లోంచి చీటీ బయటికొచ్చింది. ఆ అమ్మాయి 5సి మీద పెన్నుతో అడ్డంగా గీసి, చీటీ నా చేతిలో పెట్టింది. 27ఇ. విమానం మారిందట. రెండు వైపులా ఇద్దరు ఆజానుబాహులు, మధ్యలో నేను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండుగంటలూ దండం పెట్టినట్టు ముడుచుకుని కూర్చున్నాను.

నా 900 సంగతేంటని అడిగితే "యాప్‌లో రిక్వెస్ట్ పెట్టండి సార్" అన్నారు. పెట్టాను. "ప్రియమైన కస్టమర్, మీ సీటు విజయవంతంగా మార్చబడినది. ఇంకేమైనా సహాయం కావాలా?" అని వచ్చింది.

అసలు అడగాలనుకున్నది ఇది. దసరా సెలవుల్లో మా అత్తగారిని కాశీ తీసుకెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప, అత్తగారు. నలుగురికీ పక్కపక్కన సీట్లంటే ఒక వైపుకే 2,600 చూపిస్తోంది. కట్టాలా, వదిలెయ్యాలా?

నెల్లూరోడు · 23 ఆగస్టు, ఉదయం 6:10

పిండి కొద్దీ రొట్టె అన్నా. నేల టికెట్టుకి నేల, బాల్కనీ టికెట్టుకి బాల్కనీ. నీకు ముందు సీటు కావాలి, ఇంకోడికి అక్కర్లేదు. అక్కర్లేనోడు నీ కాళ్ళ జాగాకి డబ్బులెందుకు కట్టాల? ఆరేళ్ళుగా తిరగతన్నా, సీటుకి రూపాయి కట్టలా. రెండు గంటలు మధ్యలో కూర్చుంటే ప్రాణం పోదు.

శంషాబాద్ షటిల్ · 23 ఆగస్టు, ఉదయం 7:02

బాల్కనీ టికెట్ కొన్నాక కుర్చీలో కూర్చోడానికి హాలు వాడు మళ్ళీ డబ్బులు అడగలేదు బ్రదర్. పైగా నేను బాల్కనీకి డబ్బు కట్టాకే కదా నేలలో కూర్చోబెట్టారు.

గోదారి గట్టు · 23 ఆగస్టు, ఉదయం 7:25

మీ గొడవ చదువుతుంటే మా రావులపాలెం బస్టాండు గుర్తొచ్చిందండి. బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి కర్చీఫు లోపలికి విసిరేవాళ్ళం. కర్చీఫు పడిందా, సీటు మనది. ఎంతటి వాడైనా సరే దాన్ని తీసి కూర్చునేవాడు కాదు. మా నాన్నగారైతే ఏకంగా తువ్వాలు వేసి ముగ్గురికి ఆపేవారు. పైసా ఖర్చు లేదు, యాప్ లేదు, మెరిసే కార్డు అంతకన్నా లేదు.

ఇప్పుడు మధురపూడి (మా రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి హైదరాబాదుకి చిన్న ఏటీఆర్ విమానం ఎక్కుతుంటాను. అందులో అటు రెండు, ఇటు రెండు. మధ్య సీటన్నదే లేదు. ప్రతి మనిషికీ కిటికీ అన్నా దక్కుతుంది, నడవ అన్నా దక్కుతుంది. అయినా రేట్లు పెట్టారండి! తమాషా ఏంటంటే ముందు వరుసలకి ఎక్కువ రేటు. ఏటీఆర్‌కి జనం ఎక్కే దిగే తలుపు వెనక ఉంటుంది. ఎక్కువ కట్టి ముందు కూర్చున్న పెద్దమనిషి ఆఖర్న దిగుతాడు. మొన్న ఒకాయన ఒకటో వరుసలోంచి లేచి నిలబడి, కాక్‌పిట్ తలుపు కేసి ఎదురుచూస్తున్నాడు పాపం.

మాజీ కౌంటర్ · 23 ఆగస్టు, ఉదయం 10:40

పదకొండేళ్ళు ఆ కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కాబట్టి నాలుగు ముక్కలు ధైర్యంగా చెప్తాను.

మేమేదో పగబట్టి మధ్య సీటు ఏరి ఇస్తామని జనం అనుకుంటారు. మాకంత తీరిక ఉండేది కాదు. సిస్టమ్‌లో ప్రతి సీటుకీ ఒక గుర్తు ఉంటుంది. కొన్ని అమ్మకానికి, కొన్ని వీల్‌చెయిర్ వాళ్ళకి, కొన్ని చంటిపిల్లల తల్లులకి అట్టిపెట్టి ఉంటాయి. డబ్బు కట్టనివాళ్ళకి దానంతటదే సీటు ఇచ్చేటప్పుడు, ఇంకా అమ్ముడుపోయే ఆశ ఉన్నవాటిని అది ముట్టుకోదు. మిగిలేది ఏంటి? వెనక వరుసలు, వాటిలోనూ మధ్యవి. విమానం టైమ్ దగ్గరపడి, ఇక కొనేవాళ్ళు లేరని తేలాక మంచివి బయటికొస్తాయి. అందుకే ఒకే విమానంలో 48 గంటల ముందు చెక్-ఇన్ చేసినవాడికి 29బి వస్తుంది, ఒక్కోసారి ఆఖర్న పరిగెత్తుకొచ్చిన వాడికి 6ఎ వస్తుంది. అలాగని అందరూ ఆఖర్న రాకండి, ఒక్కోసారి అసలు సీటే ఉండదు.

ఈ గొడవ కొత్తది కాదు. 2018 నవంబర్‌లో ఇండిగో వెబ్ చెక్-ఇన్‌లో ఏ సీటుకైనా డబ్బే అని ప్రకటించినప్పుడు దేశమంతా గోల అయింది. పౌర విమానయాన శాఖ పరిశీలిస్తామంది. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఇచ్చే సీటు ఉచితమే అని సంస్థ చెప్పింది. ఇప్పటికీ నిలబడి ఉన్న ముక్క అదే: డబ్బు కట్టకపోతే సీటు ఉండదని కాదు, ఏ సీటో మీ చేతిలో ఉండదు. ఆ మధ్య కోవిడ్ తర్వాత కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ప్రింట్ చేసి ఇచ్చినందుకు కూడా డబ్బు తీసుకునేవారు. 2022 జులైలో అది కుదరదని కేంద్రం చెప్పింది.

పాప గురించి. 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ స్పష్టంగా చెప్పింది. 12 ఏళ్ళ లోపు పిల్లలకి, అదే పీఎన్‌ఆర్‌లో ప్రయాణించే అమ్మా నాన్నల్లో గానీ వెంట వచ్చే పెద్దవాళ్ళలో గానీ కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలి. "అదే పీఎన్‌ఆర్" అన్నది కంఠతా పట్టండి. ఆఫీసు పాయింట్లతో మీ టికెట్ ఒకటి, మిగతా ముగ్గురిదీ వేరొకటి బుక్ చేస్తే, మీరు పాప నాన్న అన్న సంగతి సిస్టమ్‌కి తెలియదు.

ఒకరు అడగకముందే ఇంకో మాట. ఏ320 విమానంలో ఒక పక్క మూడు సీట్లకి పైన ఆక్సిజన్ మాస్కులు నాలుగు ఉంటాయి. ఆ నాలుగోది ఒడిలో పసిబిడ్డకి. అందుకే ఒక పక్క వరుసకి ఒక్క చంటిబిడ్డనే రానిస్తారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో బిడ్డనీ ఎత్తుకుని పక్కపక్కనే కూర్చుంటామని నాతో పెట్టుకున్న తగాదాలు అన్నీ ఇన్నీ కావు.

కిటికీ పిచ్చి · 23 ఆగస్టు, మధ్యాహ్నం 1:15

సగం ఖాళీగా ఉన్న విమానంలో కూడా ముందుకి జరగనివ్వరెందుకు అక్కా? బరువు లెక్క అంటారు, నిజమా?

మాజీ కౌంటర్ · 23 ఆగస్టు, మధ్యాహ్నం 1:32

ఏటీఆర్ లాంటి చిన్నవాటిలో చాలాసార్లు నిజమే. ఖాళీ సీట్లు ఎక్కడున్నాయన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద విమానంలో మీరొక్కరు జరిగితే అది ఒరిగిపోదు. అక్కడ అడ్డొచ్చేది రేటు.

లెక్కల మాస్టారు · 23 ఆగస్టు, సాయంత్రం 5:50

రిటైరయ్యాక కూడా సుద్దముక్క వదలని మనిషిని, కాస్త ఓపిక పట్టండి.

180 సీట్ల విమానం అనుకుందాం. ప్రతి వరుసలో అటు మూడు, ఇటు మూడు. అంటే మధ్య సీట్లు 60. నలుగురికి గుడ్డిగా చీటీలు తీసి సీట్లిస్తే నలుగురికీ మధ్య సీట్లే వచ్చే అవకాశం ఎంత? 60ని 180తో, 59ని 179తో, 58ని 178తో, 57ని 177తో భాగించి గుణించండి. దాదాపు 87లో 1. అరుదే గానీ అద్భుతం కాదు.

ఇప్పుడు అసలు కథ. 2017లో బీబీసీ వాళ్ళ వాచ్‌డాగ్ అనే కార్యక్రమం, యూరప్‌లో చవక టికెట్లమ్మే రయన్‌ఎయిర్ సంస్థ విమానాలు నాలుగింటిలో నలుగురేసి మనుషుల్ని పంపింది. సీటుకి ఎవరూ డబ్బు కట్టలేదు. పదహారు మందికీ మధ్య సీట్లే వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గణాంక నిపుణులు, చెక్-ఇన్ వేళ ఖాళీగా ఉన్న సీట్లను బట్టి లెక్క కడితే, అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 54 కోట్లలో 1 అని తేలింది. బ్రిటన్ లాటరీ తగిలే అవకాశం అంతకు పదింతలు ఎక్కువ. సంస్థ మాత్రం తాము యాదృచ్ఛికంగానే ఇస్తున్నామని, పద్ధతేమీ మార్చలేదని చెప్పింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మా పదో తరగతి పిల్లలైనా పట్టుకునేది. సిస్టమ్ మొదటే కిటికీలూ నడవలూ పక్కకి తీసేసి, మధ్యవి మాత్రమే గంపలో వేసి, అప్పుడు కళ్ళు మూసుకుని చీటీ తీస్తే? చీటీ తీయడం యాదృచ్ఛికమే. గంపలో ఏముందన్నది కాదు. మాజీ కౌంటర్ అమ్మాయి చెప్పింది సరిగ్గా అదే.

నెల్లూరోడు · 23 ఆగస్టు, సాయంత్రం 6:20

మాస్టారూ, దండాలు. గంప వాళ్ళది, చీటీలు వాళ్ళవి. మనకి ఇష్టం లేకపోతే రైలుంది.

లెక్కల మాస్టారు · 23 ఆగస్టు, సాయంత్రం 6:31

రైలు గురించే చెప్పబోతున్నా నాయనా. రైల్వేవాళ్ళు 60 దాటిన నాలాంటి వాణ్ణి చూసి, ఖాళీ ఉంటే కింది బెర్తు దానంతటదే ఇస్తారు. పక్కా గ్యారంటీ లేదు, నిజమే. కానీ ముసలివాడికి కింది బెర్తు కావాలన్న ఇంగితం ఆ కంప్యూటర్‌కి ఉంది. విమానం కంప్యూటర్‌కీ నా వయసు తెలుసు. దాన్ని చూసి, ఈయన తప్పకుండా కొంటాడు అనుకుంటుందేమోనని నా అనుమానం.

డల్లాస్ పద్మ · 23 ఆగస్టు, రాత్రి 9:05

ఇక్కడ మాకు ఇంకా పొద్దున్నే. కాఫీ తాగుతూ మొత్తం చదివాను.

అమెరికాలో దీని మీద సెనేట్ సబ్‌కమిటీ ఒకటి 2024 నవంబర్‌లో రిపోర్టు ఇచ్చింది. 2018 నుంచి 2023 దాకా అయిదు ఎయిర్‌లైన్స్ (అమెరికన్, డెల్టా, యునైటెడ్, ఫ్రాంటియర్, స్పిరిట్) కలిసి ఒక్క సీటు ఫీజుల మీదే 1,240 కోట్ల డాలర్లు సంపాదించాయట. నాకు కళ్ళు తిరిగింది అక్కడ కాదు. 2023లో యునైటెడ్‌కి సూట్‌కేసుల ఫీజు కంటే సీట్ల ఫీజు మీద ఎక్కువ వచ్చింది. సూట్‌కేసంటే మోయాలి, ఎక్కించాలి, పోతే వెతకాలి. సీటుకి ఏం చెయ్యాలి? అది ఎలాగూ అక్కడే ఉంది, బోల్టులతో బిగించి. ఇంకోటి, ఇక్కడ విమానం ఛార్జీ మీద 7.5 శాతం ఫెడరల్ పన్ను ఉంటుంది. విడిగా తీసుకునే ఫీజుల్లో కొన్నింటికి ఆ పన్ను పడదట. టికెట్‌లోంచి సీటుని విడగొట్టడానికి అదొక కారణం కావచ్చు.

మా ఊరి సంగతి వింటే గోదారి గట్టు గారు బాధపడతారు. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కి పుట్టిల్లు డల్లాసే. అర్ధ శతాబ్దం పాటు దాంట్లో సీటు నంబర్లే లేవు. ఏ, బీ, సీ గుంపులు, వరుస నంబర్లు. ఆ వరుసలో లోపలికెళ్ళి, ఖాళీగా ఉన్నచోట కూర్చోవడమే. సరిగ్గా 24 గంటల ముందు ఫోన్ పట్టుకుని చెక్-ఇన్ నొక్కేదాన్ని, మంచి నంబర్ కోసం. పక్క సీట్లో బ్యాగు పెట్టి మా ఆయన కోసం ఆపేదాన్ని. మీ కర్చీఫే అనుకోండి. 2026 జనవరి 27 నుంచి అదీ పోతోంది. సీటు నంబర్లు, ముందువాటికి ఎక్కువ రేట్లు.

షటిల్ గారి 900 విషయం. ఇక్కడ 2024లో వచ్చిన రూల్ ప్రకారం డబ్బు కట్టిన సేవ అందకపోతే, అందులో సీటు ఎంపిక కూడా ఉంది, డబ్బు తిరిగివ్వాలి. మన దగ్గర ఎలా ఉందో తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ ప్లీడరు · 24 ఆగస్టు, ఉదయం 8:15

చెప్తాను. మన డీజీసీఏ ఇలాంటి సేవలకి విడిగా డబ్బు తీసుకోవచ్చని ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది: ప్రయాణికుడు తానుగా ఎంచుకుంటేనే. ముందే టిక్కు పెట్టేసి, కావాలంటే తీసెయ్యండి అనడం కుదరదు. 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు కూడా ఉన్నాయి, 13 రకాల మాయలు అందులో పేర్కొన్నారు. మొదట తక్కువ ధర చూపించి మెట్టు మెట్టుకీ పెంచడం, అడక్కుండా బుట్టలో వస్తువు వెయ్యడం, "తొందరపడండి, ఇంకా రెండే" అని కంగారు పెట్టడం వీటిలోవే. సీట్ల మ్యాపు తెరవగానే "దాటవెయ్యి" అన్న బటన్ బూడిద రంగులో, చీమ తలకాయంత ఉంటే, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

900 కోసం ముందు సంస్థకి రాతపూర్వకంగా ఈమెయిల్ పెట్టండి, చాట్‌బాట్‌తో వాదించకండి. పాత బోర్డింగ్ పాస్, కొత్త చీటీ రెండింటి ఫొటోలు జత చెయ్యండి. చాలా సంస్థల షరతుల్లోనే, తామే సీటు మారిస్తే డబ్బు వెనక్కిస్తామని రాసి ఉంటుంది. ఆ పేరా నంబర్‌తో సహా కోట్ చెయ్యండి. కదలకపోతే ఫిర్యాదులకి పౌర విమానయాన శాఖ పెట్టిన ఎయిర్‌సేవ పోర్టల్, ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫీజేమీ లేదు.

శంషాబాద్ షటిల్ · 24 ఆగస్టు, ఉదయం 8:40

5సి మీద గీత కొట్టిన కాగితం దాచానండి. పర్సులో దేవుడి ఫొటో పక్కన పెట్టుకున్నా.

జగిత్యాల టు దుబాయ్ · 24 ఆగస్టు, మధ్యాహ్నం 12:50

అందరికీ నమస్తే. నేను దుబాయ్‌ల కన్‌స్ట్రక్షన్ కంపెనీల పని చేస్తా, అప్పుడప్పుడు ఇంటికొస్తా. మీరు కిటికీ, నడవ అంటున్నరు. మాకు ముందు చూసేది కిలోలు. 30 కిలోలున్నదా, 40 ఉన్నదా. సీటు ఏదైనా ఒక్కటే. మా రూముల పన్నెండు మందిల ఒక్కడు గూడ సీటుకు పైసలు కట్టలే.

కని ఒకటి చెప్తా. మొన్న ఊరు పోయినప్పుడు మా దగ్గరి ఏజెంటు దగ్గర వాపస్ టికెట్ తీసుకున్న. రసీదు మీద "సీటు 1,800" అని రాసిండు. ఏందన్నా అంటే "సీటు లేకపోతే ఎట్ల కూసుంటవ్, నిలబడి పోతవా?" అన్నడు. నిజమే గదా అని ఇచ్చిన. ఇవ్వాళ ఈ ముచ్చట చదివినంక ఎరుకైంది, కట్టకున్నా సీటు ఇస్తరని. నాతోని ఇంకా ముగ్గురు కట్టిండ్రు. విమానం ఎక్కినంక చూస్తే నలుగురం నాలుగు దిక్కుల ఉన్నం.

నెల్లూరోడు · 24 ఆగస్టు, మధ్యాహ్నం 1:05

తమ్ముడూ, ఇది మాత్రం అన్యాయం. నేను పైన మాట్లాడింది తెలిసి కొనేవాళ్ళ గురించి. తెలియనోడికి అంటగట్టేది వ్యాపారం కాదు. ఆ రసీదు ఉందా?

జగిత్యాల టు దుబాయ్ · 24 ఆగస్టు, మధ్యాహ్నం 1:20

ఫోన్ల ఫొటో ఉన్నది అన్నా. ఏజెంటు మా మేనమామకు దోస్తు. అందుకే ఊకున్న.

బెజవాడ ప్లీడరు · 24 ఆగస్టు, మధ్యాహ్నం 1:45

ఫొటో నాకు మెసేజ్‌లో పంపు తమ్ముడూ. మేనమామకి కూడా చూపిద్దాం.

కిటికీ పిచ్చి · 24 ఆగస్టు, రాత్రి 8:10

నేను సీటుకి సంతోషంగా డబ్బు కట్టే జాతిని, తిట్టకండి. విశాఖలో దిగేటప్పుడు సముద్రం, డాల్ఫిన్స్ నోస్ కనిపిస్తుంటే 400 ఓ లెక్కా? నా ఫిర్యాదు వేరు. ఒకసారి 11ఎ కొన్నాను, లోపలికెళ్తే కిటికీ లేదు. గోడ. తెల్లటి, నున్నటి గోడ. ముందు వరుసవాడి కిటికీలో సగం వంగి చూడాలి, లేదంటే మెడ వెనక్కి తిప్పాలి. తర్వాత తెలిసింది, బోయింగ్ 737లో రెక్కకి ముందు ఎడమ వైపు ఒకచోట ఎయిర్ కండిషనింగ్ గొట్టం గోడలోంచి పైకి వెళ్తుందని, అక్కడ కిటికీ పెట్టరని.

ఈ వారమే అమెరికాలో డెల్టా, యునైటెడ్ మీద ఇదే విషయంలో కేసులు పడ్డాయి. కిటికీ సీటని అదనంగా తీసుకుని గోడ పక్కన కూర్చోబెట్టారని. చదవగానే పాలకోవా తిన్నంత సంతోషమైంది. కొనేముందు ఏరోలోపా సైట్‌లో ఆ విమానం మ్యాపు చూసుకోండి, కిటికీలు ఎక్కడున్నాయో గీసి చూపిస్తారు.

గోదారి గట్టు · 24 ఆగస్టు, రాత్రి 8:25

కిటికీ లేని కిటికీ సీటు! నేతి బీరకాయేనండి.

శంషాబాద్ షటిల్ · 24 ఆగస్టు, రాత్రి 10:30

సీట్ల సంగతి సరే, నా రెండో గోడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ కార్డు. ఏడాదికి దాదాపు తొంభై విమానాలు ఎక్కుతాను. పోయినేడాది డిసెంబర్‌లో ఆ మెట్టు నిలబెట్టుకోడానికి మూడు విమానాలు తక్కువపడితే, ఆదివారం పొద్దున బెంగళూరు వెళ్ళి, ఎయిర్‌పోర్టులోనే ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. ఇంకో ఆదివారం మళ్ళీ. మా ఆవిడకి ఆఫీసు పని అని చెప్పాను. (ఇది చదవదు, ధైర్యం.) ఇంత చేస్తే చివరికి వచ్చిందేంటి? 20వ వరుస, ఒక ఈమెయిల్: "మీ విధేయతకు ధన్యవాదాలు".

డల్లాస్ పద్మ · 25 ఆగస్టు, ఉదయం 7:40

మీరొక్కరే కాదు, ఇక్కడ డిసెంబర్‌లో అలా తిరిగేవాళ్ళు గుంపులు గుంపులు. అందుకే ఎయిర్‌లైన్స్ ఎన్నిసార్లు ఎక్కారన్నది వదిలేసి, ఎంత ఖర్చు పెట్టారన్నది చూడటం మొదలుపెట్టాయి. 2023 సెప్టెంబర్‌లో డెల్టా ఇక డాలర్ల లెక్కే అని ప్రకటించింది. పై మెట్టుకి ఏడాదికి 35 వేల డాలర్లు అన్నారు. జనం ఎంత తిట్టారంటే, వాళ్ళ సీఈవో ఎడ్ బాస్టియన్ మేం మరీ ఎక్కువ చేశామని ఒప్పుకున్నారు. నెల దాటాక, అక్టోబర్‌లో 28 వేలకి తగ్గించారు. తగ్గించారు గానీ డాలర్ల లెక్క మాత్రం ఉంది.

ఇందులో మీకు నచ్చని మాట ఒకటుంది. ఆ టికెట్లు కొంటోంది మీ కంపెనీ. మీరు వేరే విమానం ఎక్కలేరని వాళ్ళకి తెలుసు. ఎలాగూ వచ్చేవాణ్ణి బతిమాలేదెవరు?

నెల్లూరోడు · 25 ఆగస్టు, ఉదయం 7:55

బెంగళూరు ఇడ్లీ ఖర్చుతో ఏడాదంతా ముందు సీటు కొనుక్కోవచ్చు కదన్నా...

శంషాబాద్ షటిల్ · 25 ఆగస్టు, ఉదయం 8:01

లెక్క చెయ్యొద్దు బ్రదర్. నేను చేశాను. బాగాలేదు.

మాజీ కౌంటర్ · 25 ఆగస్టు, ఉదయం 9:30

కార్డుల వాళ్ళ గురించి నాదొక మాట. కౌంటర్ దగ్గర కార్డు బల్ల మీద పెట్టి, వేలితో టకటకా కొట్టేవాళ్ళుంటారు. వాళ్ళ మొహం చూడగానే మాకు కళ్ళు సిస్టమ్‌కి అతుక్కుపోయేవి. "అమ్మా, నడుం నొప్పి, నడవ పక్కది ఏమైనా ఉందేమో చూస్తావా" అన్నవాళ్ళకి రెండు నిమిషాలు వెతికేవాళ్ళం. ఇది ఏ రూల్ పుస్తకంలోనూ లేదు. కాశీకి నా సలహా: నలుగురికీ ఒకే పీఎన్‌ఆర్. అత్తగారికి నడక కష్టమైతే వీల్‌చెయిర్ ముందే నమోదు చెయ్యండి, నడవగలిగితే మాత్రం అడగొద్దు, నిజంగా కావాల్సినవాళ్ళకి దొరకదు. సీట్లు వెళ్ళేటప్పుడు కొనకండి. కౌంటర్‌కి రెండున్నర గంటల ముందు వెళ్ళండి.

మోడరేటర్ · 25 ఆగస్టు, ఉదయం 11:00

ఎవరూ సంస్థ పేరు రాసి తిట్టనందుకు థాంక్స్, ఈ విభాగంలో ఇది మొదటిసారి. చర్చ తెరిచే ఉంచుతున్నాను. షటిల్ గారూ, కాశీ నుంచి వచ్చాక రాయండి.

శంషాబాద్ షటిల్ · 7 అక్టోబర్ 2025, రాత్రి 9:20

వచ్చాం. గంగ బాగుంది, దర్శనం బాగా జరిగింది, జనం తోసేశారు. సీట్ల కథ చెప్తాను.

వెళ్ళేటప్పుడు రూపాయి కట్టలేదు. రెండు రోజుల ముందు యాప్ నోటిఫికేషన్ల మీద నోటిఫికేషన్లు: "మీ కుటుంబం విడిగా కూర్చోవాల్సి రావచ్చు!" మా ఆవిడకి టెన్షన్. నేను శిలావిగ్రహంలా ఉన్నాను. కౌంటర్‌లో పాపకీ మా ఆవిడకీ 26ఎ, 26బి ఇచ్చారు. రూల్ పనిచేసింది, అడగాల్సిన అవసరం కూడా రాలేదు. నాకు 14ఇ, అత్తగారికి 29ఇ. "అమ్మా, పెద్దావిడ ఒక్కతే వెనక..." అని మెల్లగా అన్నాను, కార్డు తియ్యకుండా. వెతికింది, లేవంది. నిజంగానే లేవు, విమానం కిటకిట.

లోపలికెళ్ళాక అత్తగారు 29లోకి వెళ్ళకుండా 26సి దగ్గర ఆగిపోయారు. అందులో ఒక కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆవిడకి హిందీ రాదు, వాడికి తెలుగు రాదు. చేతిసంచిలోంచి చేగోడీల డబ్బా తీసి, మూత తెరిచి వాడి ముందు పెట్టారు. వాడు ఇయర్‌ఫోన్లు తీశాడు. ఒక చేగోడీ తీసుకున్నాడు. ఆవిడ పాపని చూపించారు, తనని చూపించుకున్నారు, వెనక్కి వేలు చూపించారు. వాడు నవ్వి లేచి వెళ్ళిపోయాడు. నడవ సీటు వదిలి 29ఇకి! డబ్బు కట్టి కొనుక్కున్నాడో ఏమో పాపం. ఆవిడ వాడికి గుప్పెడు చేగోడీలు కాగితంలో పొట్లం కట్టి పంపారు.

తిరుగు ప్రయాణంలో సిగ్గేసి ఇద్దరికి కొన్నాను.

900 వచ్చింది. ప్లీడరు గారు చెప్పినట్టు పేరా నంబర్‌తో మెయిల్ పెట్టాను, జవాబు లేదు. ఎయిర్‌సేవలో పెట్టిన పదకొండో రోజు ఫోన్ చేశారు. డబ్బుగా కాదు, క్రెడిట్‌గా. ఆరు నెలల్లో వాడాలి. దాంతో సీటు కొనుక్కోవచ్చా అని అడిగితే, "లేదు సార్, టికెట్‌కి మాత్రమే" అన్నారు.

నెల్లూరోడు · 7 అక్టోబర్, రాత్రి 9:34

అత్తగారికి నా నమస్కారాలు చెప్పన్నా. చేగోడీలు క్యాబిన్ బ్యాగేజీలో ఎన్ని కిలోలు రానిస్తారు?

జగిత్యాల టు దుబాయ్ · 12 నవంబర్ 2025, రాత్రి 11:15

అందరికీ నమస్తే. ఏజెంటు 1,800 వాపస్ ఇచ్చిండు, మేనమామ ముందట. మిగిలిన ముగ్గురివి దీపావళికి ఇచ్చిండు.

నాకు 48 గంటల ముందు నేనే ఫోన్ల చెక్-ఇన్ చేసుకున్న, మొదటిసారి. ఫ్రీగ కిటికీ దొరికింది, 34కె. మా దోస్తుకు పక్కన జె, ఇంకోనికి హెచ్. మరి ఐ ఏడవోయింది? ఆ సీటు గూడ ఎవడన్న కొనుక్కున్నడా?

కిటికీ పిచ్చి · 12 నవంబర్, రాత్రి 11:22

ఒకటి అంకెలాగా కనిపిస్తుందని ఐ అక్షరాన్ని పెట్టరు తమ్ముడూ. శుభప్రయాణం. దిగేటప్పుడు కుడివైపు చూడు.